పిల్లల అడుగు కొలది

(ధ్యానభాగము: ఆదికాండము 33:12–17)

ఇరువది సంవత్సరముల భయము ఒక్క కౌగిలిలో కరగిపోయిన ఉదయమది. నాలుగు వందలమంది మనుష్యులతో ఎదురువచ్చిన ఏశావు, తమ్ముని మెడమీద పడి యేడ్చిన పిమ్మట, కలిసి పయనమగుదము రమ్మని పిలిచెను. యాకోబు వినయముతోనే ఆ పిలుపును త్రోసిపుచ్చెను. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చు గొర్రెలును పశువులును ఉన్నవి, ఒక్క దినము వడిగా తోలినను మంద అంతయు చచ్చును. కాబట్టి అన్న ముందుగా సాగిపోవలెను. తాను మెల్లగా వెనుక వచ్చును.

హెబ్రీ మూలములో యాకోబు ఇచ్చట ‘రెగెల్’ అను పదమును వాడెను. ఆ పదమునకు అర్థము పాదము. మంద పాదమును బట్టి, పిల్లల పాదమును బట్టి నడతునని అతని మాట. అనువాదకులు దానిని నడువగల శక్తి అనియో, నడక వేగమనియో తెనిగింతురు. అది తప్పు కాదు. కాని ఆ తెనిగింపులో చిన్న పాదము మాత్రము కనుమరుగగును. దుమ్ములో అడుగు వేయుచు, ముల్లు గ్రుచ్చుకొని ఆగిపోవుచు, మరల పరుగెత్తు ఆ పాదమే ప్రయాణవేగమును నిర్ణయింపవలెనని యాకోబు చెప్పుచున్నాడు.

అతడు శేయీరునకు పోనేలేదు, సుక్కోతునకు పోయెను గదా, ఇది అన్నను తప్పించుకొనుటకు పన్నిన ఉపాయము కాదా అని కొందరు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. యాకోబును కడిగి పరిశుద్ధుని చేయుట వ్యాఖ్యాత పని కాదు. అయినను అతని మాటలోని సత్యము చెరగదు. ఆ మాట పలికినవాడు గడచిన రాత్రియే యబ్బోకు రేవునొద్ద తొడగూడు వసిలినవాడు. కుంటువానికి పసివాని నడక తెలియును.

ప్రతి వేసవిలోను మన సంఘములు పిల్లలను కొండలకును, నదీతీరములకును, సముద్రపుటొడ్డునకును క్యాంపులకు తీసికొనిపోవును. వారివెంట స్వచ్ఛంద సేవకులను పంపును. వారినెట్లు ఎన్నుకొందురు? పాట పాడగలవాడు, గిటారు వాయింపగలవాడు, ఉత్సాహవంతుడు అని చూతురు. నలుబదిమంది పిల్లలను లెక్కపెట్టుట, నీటిలో మునిగినవానికి ఊపిరి నిలుపుట, ఎండదెబ్బ తగిలినవానిని చల్లబరచుట తెలియునా యని అడుగువారు అరుదు. ప్రార్థనాపరుడైతే చాలునని కొందరు పెద్దలు సెలవిత్తురు. ప్రార్థన చాలునని ఓడ నడుపువానినిగాని, శస్త్రచికిత్స చేయువానినిగాని శిక్షణ లేకుండ పనిలో నిలుపుదురా?

ఈ విషయమున స్కౌటు ఉద్యమ చరిత్ర చూడదగినది. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో కొద్దిమంది బాలురతో మొదటి క్యాంపు జరిపెను. మరుసటి సంవత్సరమున అతని గ్రంథము వెలువడగా బాలురు వేలకొలదిగా గుంపులు కట్టిరి. బాలురు చేరినంత వేగముగా నాయకులు తయారుకాలేదు. 1912 ఆగస్టు 4న లేస్‌డౌన్ తీరమున పడవ తలక్రిందులై తొమ్మిదిమంది బాలురు మునిగిపోయిరి. పెద్దల శిక్షణకై లండను చెంత గిల్వెల్ పార్కులో మొదటి కోర్సు 1919 సెప్టెంబరు 8న ప్రారంభమాయెను. దానిని ‘వుడ్ బ్యాడ్జి’ శిక్షణ యందురు. ముగించినవారికి మెడలో వేసికొనుటకు రెండు చిన్న కొయ్యపూసలిత్తురు. మొదటి పూసలు జూలూ అధిపతి దీనుజూలుదని చెప్పబడిన హారములోనివి. సామ్రాజ్యమునకు లోబడిన ఒక జాతి జ్ఞాపకము ఆ పూసలలో ఉన్నదని వాటిని ధరించువారు మరువరాదు.

ఆ శిక్షణలోని కీలకము ఉపన్యాసములు కాదు. అచ్చటికి వచ్చిన ఉపాధ్యాయుడైనను, అధికారియైనను బాలురవలె చిన్న దళములో చేరవలెను, గుడారములో పరుండవలెను, కట్టెలు తెచ్చి వంట చేయవలెను, తనకంటె చిన్నవాడు దళనాయకుడైనచో అతని మాట వినవలెను. తడిసిన కట్టె రాజుకొనక ఆకలితో కూర్చుండినవాడు, పదేండ్ల పిల్లవాడు క్యాంపులో ఏల యేడ్చునో అప్పుడు గ్రహించును. పెద్దవానిని కుంటివానిగా చేయుటయే ఆ శిక్షణ యని చెప్పవచ్చును. మన దేశమున 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ కూడ ఈ మార్గమునే అనుసరించుచున్నది. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో దాని జాతీయ శిక్షణ కేంద్రమున్నది.

కొండదారిలో నడచునప్పుడు శిక్షణ పొందిన నాయకుడు రెండు స్థలములను విడువడు. మార్గమెరిగిన ఒకడు ముందుండును. మందుల సంచితో మరియొకడు అందరికంటె వెనుక నడచును. ఆ వెనుకటివానిని దాటి యేబిడ్డయు వెనుక మిగులరాదు. బలవంతులు అరగంట ముందు పోయి నీడలో కూర్చుండి, ఆయాసముతో వచ్చినవారు చేరగానే లేచి మరల నడచుట పాత తప్పు. అట్లు చేసినయెడల విశ్రాంతి అవసరమైనవానికే విశ్రాంతి దొరకదు. నీటిలో దిగునప్పుడు పిల్లలను జంటలుగా కట్టి, ఈల వేయగానే జంట చేతులెత్తవలెనని నేర్పుదురు. ఇవి చిన్న సంగతులే.

2014 జూన్ 8న హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోనికి దిగి, బండలమీద నిలిచి ఫోటోలు తీసికొనుచుండిరి. నీరు ప్రశాంతముగా నుండెను. ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి విడువబడిన నీరు కొద్ది నిమిషములలో పెరిగి 24 మంది విద్యార్థులను కొనిపోయెను. తెలుగువారి యిండ్లలో ఆ దుఃఖము నేటికిని ఆరలేదు. ఎవరిది దోషమని తీర్పు తీర్చుటకు ఈ పుట తగిన స్థలము కాదు. అయితే నదిని చూచినప్పుడు ఎగువన ఏమున్నదని అడుగుట నేర్చిన పెద్దవాడొకడు ప్రతి గుంపుతో ఉండవలెను. కంటికి కనబడు నీటిని నమ్ముట విశ్వాసము కాదు.

మరియొక అపాయము నదిలో లేదు, గుడారములోనే యున్నది. దానిని గూర్చి సంఘములు మాటలాడుటకు సిగ్గుపడును. ఏ పెద్దవాడును, ఎంత భక్తుడని పేరుపొందినవాడైనను, మూసిన స్థలములో ఒక బిడ్డతో ఒంటరిగా ఉండరాదు. ఎల్లప్పుడు ఇద్దరు పెద్దలు కనబడునట్లుండవలెను. పిల్లల లైంగిక రక్షణకై 2012లో చేయబడిన పోక్సో చట్టము ప్రకారము, అట్టి నేరము తెలిసినవారు పోలీసులకు తెలుపవలసినదే. సంఘపు పేరు చెడునని దాచిపెట్టువాడు మంద పక్షమున కాక తోడేలు పక్షమున నిలిచినవాడగును.

యాకోబు ‘మెల్లగా’ అనిన హెబ్రీ మాట లేఖనములలో మరి కొద్ది చోట్ల మాత్రమే కనబడును. మెల్లగా పారు షిలోహు నీళ్లను గూర్చి యెషయా ఆ మాటనే వాడెను. దావీదు యుద్ధమునకు పోవుచున్న తన సేనాధిపతులు ముగ్గురితో, తనయెడల తిరుగుబాటు చేసిన అబ్షాలోమును గూర్చి చెప్పినదియు ఆ మాటయే. యౌవనునియెడల మృదువుగా నడచుకొనవలెనని ఆజ్ఞ. జనులందరును దానిని వినిరి. యోవాబునకు యుద్ధవిద్యలో ఏ కొరతయు లేదు. ఆ కాలమున అతనికంటె ఆరితేరినవాడు దొరకడు. మస్తకివృక్షమున వ్రేలాడుచున్న యౌవనుని అతడు మూడు బాణములతో పొడిచెను. శిక్షణ లేని ప్రేమ పిల్లలను నదికి పోగొట్టుకొనినయెడల, ప్రేమ లేని శిక్షణ వారిని తన చేతితోనే చంపును.

మహనయీములో వృద్ధుడైన రాజు రెండు గుమ్మముల మధ్య కూర్చుండియుండెను. అహిమయస్సు పరుగెత్తివచ్చి జయమును ప్రకటించెను. రాజు యుద్ధమును గూర్చి అడుగలేదు. పిల్లవాడు క్షేమమా యని అడిగెను. తరువాత కూషీయుడు వచ్చెను. అతనినిని అదే ప్రశ్న.

క్యాంపు ముగిసి బస్సు ఊరు చేరువేళ గుడి గేటునొద్ద తల్లిదండ్రులు నిలిచియుందురు. ఎన్ని పాటలు నేర్చిరనిగాని, ఎందరు తీర్మానములు చేసిరనిగాని వారు మొదట అడుగరు. తలుపు తెరువగానే వారి కన్నులు ఒక్క ముఖము కొరకు వెదకును. మెట్టునొద్ద కాగితము చేతబట్టిన నాయకుడు ఒక్కొక్క పేరు పిలిచి, ఒక్కొక్క బిడ్డను వచ్చిన చేతులకు అప్పగించి, ఆ పేరు ప్రక్కన గీత గీయుచుండును.