స్థావర వృద్ధియు దాసోహమును

‘స్థావర జంగమాస్తులు’ అను మాట ప్రతి దస్తావేజునందును కానవచ్చును. వకీలునకు స్థావరమనగా భూమి, భవనము. జంగమమనగా నగలు, నగదు. శరణులకో, స్థావరము నిలిచిపోయినది; జంగమము శివుని నడకయే. ఈ రెండర్థములును హైదరాబాదు నగరమున ఆబిడ్స్, నాంపల్లి వీథులలో ఎదురెదురుగా నిలుచును.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మీనియా జాతీయుడు ఇచ్చట దుకాణము పెట్టెను. దుకాణము లేదు, యజమాని లేడు. పేరు మాత్రము బస్సు బోర్డులపై తిరుగుచున్నది. స్థావరము పోయి పేరు జంగమమైనదన్నమాట!

1907లో నాంపల్లి రైలు స్టేషను ఏర్పడెను. ఇట్టి వీథులలో నిర్మాణ వ్యాపారము కుటుంబ వ్యాపారముగనే సాగుట పరిపాటి. తాత మేస్త్రీలను కూర్చుకొని గుత్తకు గోడలు కట్టించును. తండ్రి సిమెంటు, ఇనుము అమ్మును. మనుమలు స్థలములు కొని, అపార్టుమెంట్లు లేపి, అద్దెలు, లాడ్జి, ఫంక్షన్ హాలు అని నాలుగు దిక్కుల విస్తరింతురు. తాత చేతికంటిన సున్నము మనుమని చేతికంటదు. కాయకము ఇచ్చటనే తప్పినదా?

విస్తరణమే దోషమనుట తగదు. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారము నిర్వహించినవాడు. ధనమును చూచి బెదరలేదు. లెక్క చూచుటయు కాయకమే. దోషము వేరొకచోట ఉన్నది. ఇంటికై ఒక గుమాస్తా చెల్లించిన బయానా సొమ్ముతో సోదరులు వేరొక స్థలము కొందురు. దానిపై వచ్చిన సొమ్ముతో మూడవది. లెక్కపుస్తకమున వృద్ధి కనబడును. గుమాస్తా అద్దె ఇంటనే ముసలివాడగును. ఈ అలవాటు ఎంత బలిసినదనగా, కొనుగోలుదారుల సొమ్మున నూటికి 70 వంతులు ఆ కట్టడపు భూమికి, నిర్మాణమునకే ప్రత్యేక ఖాతాలో ఉంచవలెనని 2016 నాటి స్థిరాస్తి చట్టము శాసింపవలసి వచ్చెను.

చట్టము ఇప్పుడు చెప్పినదానిని ఆయ్దక్కి లక్కమ్మ పన్నెండవ శతాబ్దముననే ఎరుగును. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యము ఏరి తెచ్చి దాసోహము నడుపువాడు. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తెచ్చెను. దొంగిలించినది కాదు, ఎవరును అడుగలేదు. అయినను తిరిగి పోసి రమ్మని ఆమె పంపెను. ఒకరి సొమ్ముతో వేరొకరి పునాది పడకుండుటకు అట్టి ఇల్లాలి చూపు చాలును. కాని వ్యాపార కుటుంబములలో ఇల్లాలికి లెక్కపుస్తకము చూపు ఇండ్లు ఎన్ని?

పరమతమువారివైనను చూడదగిన ఉదాహరణములు ఆ చుట్టుపట్లనే కలవు. నిజాము కాలపు కాంట్రాక్టరు అబ్దుల్ కరీం బాబూఖాన్ కుటుంబము నిర్మాణమునుండి స్థిరాస్తి వ్యాపారమునకు విస్తరించెను. ఆబిడ్స్‌కు సమీపమున బషీర్‌బాగులోని బాబూఖాన్ ఎస్టేట్ ఆ పేరనే ఉన్నది. ఆ కుటుంబమువాడగు గియాసుద్దీన్ బాబూఖాన్ హైదరాబాదు జకాత్ ట్రస్టు ద్వారా పేదపిల్లల చదువునకు పూనుకొనెను. 1938లో పబ్లిక్ గార్డెన్సున మొదలై, 1946లో నాంపల్లి మైదానమునకు వచ్చిన నుమాయిష్ రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాలయములను నడుపుచున్నది. వనితా మహావిద్యాలయము ఆ ఆవరణముననే కలదు. అంగడి అద్దె జంగమమగుట ఇట్లు.

వీరశైవ గృహములలో క్రొత్త భవన ప్రవేశమునాడు జంగమస్వామిని పిలిచి, పాదపూజ చేసి, పంక్తి పెట్టుట ఆచారము. ఆ పంక్తి సాగుచుండగా పాలమూరు కూలీ వెనుక గుమ్మమువద్ద రావలసిన కూలికై నిలిచియుండిన, దాసోహము ఎవరికి జరిగినట్లు? విరాళపు రసీదు వ్రాయుటకు ముందు మఠములవారు ఈ మాట అడుగవచ్చును.