పొత్తుల ఆవు

అన్నదమ్ములిద్దరు ఒకే ఆవును పంచుకున్న కథ చిన్నప్పుడు మనమంతా విన్నదే. ముందు సగం తమ్ముడిది, వెనక సగం అన్నది. మేత పెట్టడం తమ్ముడి వంతు, పాలు పిండుకోవడం అన్నగారి వంతు! అప్పట్లో నవ్వుకున్నానుగానీ, ఆ ఆవు ముందువైపు ఎంతమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారో నాకు మొన్నటిదాకా తట్టలేదు.

మొన్న మధ్యాహ్నం మా పక్కింటి వదిన కాగితాల కట్ట పట్టుకుని వచ్చింది. అన్నయ్యగారు గుడివాడ దగ్గర మరో ఇద్దరితో కలసి నడుపుతున్న రైసుమిల్లులో ఆవిణ్ణీ పార్ట్‌నర్‌గా వేస్తున్నారట.

"ఊరికే పేరుకేనట వదినా. సంతకం పెట్టమన్నారు. ఇందులో ఏముందని అడిగితే, 'నామీద నమ్మకం లేదా?' అంటారేమో!" అంది.

నాది ఆర్ట్సు చదువు. అయినా 1932 నాటి భాగస్వామ్య చట్టం ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఇప్పటికీ చెల్లుతున్నది అదే. వ్యాపారాన్ని అందరూగానీ, అందరి తరఫున ఏ ఒక్కరుగానీ నడిపి, లాభం పంచుకుందామని ఒప్పుకున్నవాళ్ళు భాగస్వాములు. ఆ 'అందరి తరఫున ఒక్కరు' అన్నచోటే ఉంది కిటుకంతా. వ్యాపారం కోసం ఒకరు చేసిన అప్పు అందరిదీ అవుతుంది. మిగతావాళ్ళు చేతులెత్తేస్తే, రూపాయిలో అణా వాటా ఉన్న మనిషినైనా మొత్తం బాకీకి పట్టుకోవచ్చు. మిల్లుతో ఆగదు, పుట్టింటివారిచ్చిన పొలందాకా రావచ్చు. 2008లో వచ్చిన పరిమిత బాధ్యత చట్టం కింద పొత్తు కలిస్తే మామూలుగా పెట్టుబడితో పోతుంది. వదిన చేతిలోవి ఆ కాగితాలు కావు.

వదిన మొహం పాలిపోయింది.

అయితే ప్రతి భాగస్వామికీ లెక్కల పుస్తకాలు చూసే హక్కు, నకలు రాసుకునే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది. సంతకం పెట్టాక ఎలాగూ వచ్చే హక్కే కదా, ముందే ఒకసారి అడిగితే తప్పేమిటి?

లెక్క అడగడం అపనమ్మకమా? మీరే చెప్పండి. పాలు పోయించుకున్న రోజులు క్యాలెండరు మీద గీతలు గీసుకునేవాళ్ళం. పాలవాడు దొంగనా? కాదు, నెలాఖరున అతనితో పేచీ రాకూడదని!

భాగస్వామ్యం ఒప్పందంవల్ల పుడుతుందిగానీ చుట్టరికంవల్ల కాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. మన తెనాలి చక్రపాణిగారూ, కడప జిల్లానుంచి వచ్చిన నాగిరెడ్డిగారూ చుట్టాలు కారు. అయినా 1947లో 'చందమామ' మొదలైన నాటినుంచి, 1975లో చక్రపాణిగారు పోయేదాకా, ఆ రెండు పేర్లూ ఒకే పేరులా వినిపించాయి. మనమేమో చుట్టరికం ఉంది గనక ఒప్పందం చదవనక్కర్లేదనుకుంటాం.

వదిన సంతకం పెట్టకుండానే కాగితాలు తీసుకెళ్ళింది. లెక్కలు చూస్తానంటే అన్నయ్యగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారట. మూడోనాడు పుస్తకం తెచ్చి ముందు పెట్టారట. తనెన్నడూ వినని అప్పొకటి అందులో కనిపించింది. ఆయన దాచలేదు, ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు, అంతే. రెండేళ్ళుగా ఆ దిగులు ఒక్కడే మోస్తున్నారు పాపం!

ఇప్పుడా అప్పు సంగతి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. సంతకం మాట ఆ తరువాత.