రెప్ప వేయని దేవతలు

దేవతలకు రెప్పపాటు ఉండదట. అందుకే వాళ్లకి అనిమిషులని పేరు. చిన్నప్పుడు మా తాతయ్య ఈ సంగతి చెబితే "అయ్యో, మరి నిద్రెలా పోతారూ?" అన్నానట. ఇంటిల్లిపాదీ నవ్వారట. మా పిన్ని కూతుర్ని చూశాక ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది.

ఆ పిల్ల హైదరాబాదులో నర్సు. 2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి దేశమంతా చప్పట్లు కొట్టింది, మీకూ గుర్తుండే ఉంటుంది. నేనూ బాల్కనీలో నిలబడి స్టీలు పళ్లెం గరిటెతో వాయించాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అవి దొంగ కన్నీళ్లు కావు.

నెల తిరక్కుండానే ఫోను చేసింది. "అక్కా, ఇల్లుగలావిడ ఖాళీ చెయ్యమంటోంది. కరోనా మోసుకొస్తానని భయం. ఓ వారం మీ ఇంట్లో..."

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు, పైగా షుగరు. "అత్తయ్యగారున్నారు కదే" అన్నాను. "నిజమేలే అక్కా" అని ఇట్టే ఒప్పేసుకుంది. నేను చెప్పింది అబద్ధం కాదు. ముసలావిణ్ణి కాపాడుకోవడమూ నా ధర్మమే. కానీ చెప్పడానికి ఆ మాట దొరికినందుకు లోపల హమ్మయ్య అనుకున్నానే, అదే నన్నిప్పటికీ గుచ్చుతోంది. పైగా ఫోను పెట్టేసేముందు "నువ్వు దేవతవే తల్లీ" అన్నాను!

మనిషైతే తిన్నావా, పడుకున్నావా అని అడగాలి. దేవతకైతే ఓ దండం చాలు. మా నాన్నగారు కూడా అంతే, అమ్మని "మా ఇంటి మహాలక్ష్మి" అని పదిమందిలో మెచ్చుకునేవారు. ఆవిడ నడుంనొప్పి సంగతి ఆయనకి పదేళ్లదాకా తెలీదు. ఆశా కార్యకర్తల్ని చూడండి. 2020 ఆగస్టులో సరైన డబ్బూ, రక్షణ సామగ్రీ ఇమ్మని సమ్మెకి దిగారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లని సత్కరించింది. సత్కారం మంచిదే, కాదనను. కానీ వాళ్లడిగింది అది కాదు.

2021 దసరాకి ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. అర్ధరాత్రి కరెంటు పోయి ఇన్వర్టరు కూతపెడితే ఉలిక్కిపడి లేచి కూర్చుంది. వార్డులో మిషన్లు అలాగే కూసేవట. అప్పుడు చెప్పింది. కిట్టు తొడుక్కుంటే గంటల తరబడి మంచినీళ్లు కూడా తాగేవాళ్లు కారట. తాగితే బాత్రూముకెళ్లాలి, వెళ్లాలంటే అదంతా విప్పాలి.

"అదేం పెద్ద కష్టం కాదక్కా. మే నెలలో ఓ రోజు ఆక్సిజన్ మంచం ఒక్కటే ఖాళీ అయింది. బయట ఇద్దరున్నారు. ఎవరికివ్వాలో డాక్టరుగారే తేల్చారు. రెండో ఆయన కొడుక్కి చెప్పి రమ్మని నన్ను పంపారు. అతను నన్ను తిట్టలేదు, దండం పెట్టాడు. తిట్టినా బాగుండేది."

"ఎవరికైనా చూపించుకోకపోయావా?"

"పిచ్చిదన్న పేరొస్తే వార్డులో ఎవరు పని చెయ్యనిస్తారు?"

నా నవలల్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు నాలుగు ముక్కలు ఓదార్పుగా చెబుతారు. నాకు ఒక్క ముక్కా తోచలేదు. మజ్జిగన్నం కలిపిస్తే తింది.

పండగ వెళ్లాక మానసిక వైద్యుడి దగ్గరికి నేనే తోడు వెళ్లాను. గంటన్నర బయట బెంచీ మీద కూర్చున్నాం. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని ఆ పిల్ల మాస్కు కళ్లదాకా లాక్కుంది.