లోకులేమందురో యను భయము

మనుష్యుడు తన యాచారములలో ననేకమును ధర్మమని నమ్మి పాటించుట లేదు. ఇతరులు వానిని ధర్మమని నమ్ముచున్నారని తలచి పాటించుచున్నాడు. ఆచారమునకు రెండాధారములు గలవు. అందఱు నిట్లే చేయుదురను నూహ యొకటి. మేము చేయకున్న వారు మమ్ము తప్పుపట్టుదురను భయ మింకొకటి. ఈ రెండును మనస్సులో నుండువఱకు, ధర్మబుద్ధి యెంత మేల్కొనినను నడత మాఱదు.

2022 వఱకు కృష్ణామండలములో జేరియుండిన నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమలో వరకట్నమును గూర్చి విచారింతము. ఏ గృహస్థు నేకాంతమున నడిగినను ఇది దురాచారమే యనును. అయినను కుమారుని పెండ్లికి కట్నము పుచ్చుకొనును. కారణ మడిగినచో, ఊరక చేసికొన్న బిడ్డయం దేదో లోపమున్నదని లోకులందురనును. కన్యాదాత, కట్నము లేక పంపిన నమ్మాయి యత్తవారింట చులకన యగునని తలచి పొలము తాకట్టు పెట్టును. ఇరువురును కోరని కార్య మిరువురి చేతులతోడనే జరుగుచున్నది!

ఇది పూర్వికుల మర్యాద యందురేని, 1892లో మొదట ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కమును స్మరింతురుగాక. ఆ నాటకము నిందించినది కన్యల తండ్రులు ధనము గొనుటను. నాడు ధనము వరుని యింటినుండి కన్య యింటికి బోయెడిది. నేడు కన్య యింటినుండి వరుని యింటికి బోవుచున్నది. ఇట్లు దిక్కు మార్చుకొనిన దానిని సనాతనమనుట యెట్లు?

శాసనము చాలదా యని కొందఱడుగుదురు. ఆంధ్రప్రదేశమున 1958లోను, దేశమంతటికి 1961లోను వరకట్న నిషేధ శాసనములు పుట్టినవి. 1961 శాసనము ననుసరించి యిచ్చుటయు బుచ్చుకొనుటయు రెండును నేరములే. కావున పెండ్లినాడు రెండిండ్లవారును మౌనము వహింతురు. న్యాయవాదులమైన మాయొద్దకు వ్యాజ్యము వచ్చునప్పటికి సంసారము చెడియుండును. వితంతువివాహ శాసనము 1856లోనే పుట్టినను, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపినది 1881 డిసెంబరు 11వ తేదీని. ఆ వధువు మన పొరుగుననున్న తిరువూరు ప్రాంతపు బాలిక. శాసనమునకును వివాహమునకును నడుమ నిరువదియైదేండ్లు గడచినవి. మనస్సులో సమ్మతించినవారు లేక కాదు. వెలివేయుదురను భయము చేత. ఆ పెండ్లికి వచ్చినవారిలో గొందఱు పిమ్మట బ్రాయశ్చిత్తము చేసికొనిరి. అయినను నాలుగు దినములలో రెండవ వివాహము జరిగెను. జరుగదను మాటను మొదటి పెండ్లియే కొట్టివేసినది.

అంతరాత్మ పలికినట్లు ఒంటరిగానైనను నడువవలె ననుట బ్రాహ్మధర్మమే గదా యని యొక యాక్షేపణ గలదు. నిజమే, మొదటి యడుగు వేయువాని కా ధైర్య మావశ్యకము. కాని యొంటరి సాహసమునకు వెల చెల్లించునది తండ్రి కాదు, కూతురు. కావున బ్రతి తండ్రినుండియు సాహసము కోరుట న్యాయము కాదు. సాహస మక్కఱలేని స్థితిని గల్పించుటయే సంఘధర్మము.

చీనాదేశమున బాలికల పాదములు బిగగట్టు దురాచారము కొన్ని శతాబ్దములు నిలిచెను. పందొమ్మిదవ శతాబ్ది చివర నేర్పడిన సమాజములలో గృహస్థులు చేరి, మా కుమార్తెల పాదములు కట్టము, కట్టిన పాదములుగల కన్యలను మా కుమారులకు జేసికొనము అని యొక్కటిగా బ్రతిజ్ఞ చేసిరి. పలుచోట్ల నొక తరములోనే యా యాచారము సన్నగిల్లెను. అందఱును విడిచినప్పుడు విడిచినవానికి లోపము లేదు.

కట్నము విషయమునను ఇదియే మార్గము. కుమారులుగలవారే ముందు నడువవలెను. నిరాకరించు నధికారము వారిచేతిలోనే యున్నది. సంబంధములు వెదకుటకు బూర్వమే, పది కుటుంబములవారైనను సభలో నిలిచి, కట్నము పుచ్చుకొనమని చేవ్రాలు చేయుదురుగాక. ఆ పేళ్లు నలుగురు వినునట్లు చదువబడుగాక. ఏకాంతమున బలికిన సత్యము పలికినవానిని మాత్రమే యూరడించును. సభలో బలికిన సత్యము పొరుగువాని భయమును గూడ దీర్చును. సర్వసాక్షియగు పరమేశ్వరుడు మన కట్టి నోరు నొసంగుగాక.