గృహస్థుని సౌకర్యములు – వైరాగ్యము

గృహస్థాశ్రమము తక్కిన మూడు ఆశ్రమములకును ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారియు, వానప్రస్థుడును, సన్న్యాసియు గృహస్థుని అన్నముచేతనే జీవింతురు. అట్టి గృహస్థుడు పాత్ర లేక, పీట లేక, దీపము లేక సంసారము నడపజాలడు. అయినను భగవద్భక్తుడగు గృహస్థునకు ఒక సంశయము తరచుగా కలుగుచుండును. స్నానపుగదిలో కాలు జారకుండ ఒక రబ్బరుచాప, వృద్ధులు కూర్చుండి నీళ్లు పోసికొనుటకు ఒక ఎత్తుపీట, రాత్రివేళ వేడినీటికి ఒక ఫ్లాస్కు, పిండి రుబ్బుటకు ఒక గ్రైండరు – ఇట్టి చిన్న చిన్న సౌకర్యములను కొనుట దేహాభిమానమును పెంచుట కాదా? పూర్వులు ఇవి లేకయే జీవింపలేదా? ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని వైరాగ్యమనగా నేమి యను పెద్ద ప్రశ్న దాని వెనుక నిలిచియున్నది.

శాస్త్రము గృహోపకరణములను నిందింపలేదు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలురోకలి, నీళ్లకుండ – ఈ అయిదింటి వాడుకలో గృహస్థునకు తెలియకయే సూక్ష్మప్రాణులకు హింస కలుగుచున్నదని మనుస్మృతి మూడవ అధ్యాయమున చెప్పబడినది. వీనికే పంచసూనములని పేరు. అయినను మనువు పొయ్యిని ఆర్పివేయుమనలేదు, కుండను పగులగొట్టుమనలేదు. ఆ దోషమునకు పరిహారముగా దేవతలకు, ఋషులకు, పితరులకు, మనుష్యులకు, భూతములకు ప్రతిదినము చేయవలసిన పంచమహాయజ్ఞములను విధించెను. వస్తువు ఇంట నుండుట దోషము కాదు. దానితోడ వచ్చిన బాధ్యతను మరచుటయే దోషము. గీతాచార్యుడు సైతము ధ్యానయోగమును బోధించుచు, యోగి కూర్చుండు ఆసనము మిక్కిలి ఎత్తుగాను, మిక్కిలి పల్లముగాను ఉండరాదని చెప్పెను. దేహము నిరంతరము బాధించుచున్నచో చిత్తము భగవంతునియందు నిలుచుట దుష్కరమని దీనివలన తెలియుచున్నది.

ఇక శ్రీమద్రామాయణమును చూతము. గంగాతీరమున శ్రీరాముడు సీతాసమేతుడై తృణశయ్యపై పరుండిన రాత్రి, గుహుడు లక్ష్మణునకై మెత్తని పడక సిద్ధపరచెను. సీతారాములు నేలపై శయనించియుండగా తనకు నిద్రయు సుఖమును ఎక్కడివని పలికి లక్ష్మణుడు దానిని అంగీకరింపలేదు. రాత్రియంతయు మేలుకొనియే యుండెను. ఆ లక్ష్మణుడే పంచవటికి చేరినపుడు నేలను చదునుచేసి, గట్టి స్తంభములు నాటి, వెదుళ్లు కట్టి, జమ్మికొమ్మలు పరచి, దర్భలతోను రెల్లుతోను కప్పి, సుందరమైన పర్ణశాలను నిర్మించెను. దానిని చూచి శ్రీరాముడు సంతోషించి, వేరొక బహుమానము ఈయలేక తమ్ముని గాఢముగా కౌగిలించుకొనెను. తనకై అమర్చిన పడకను కాదన్నవాడును, అన్నావదినెలకై ఇల్లు కట్టినవాడును ఒక్కడే. ఈ రెండు కార్యములకును పరస్పర విరోధము లేదు. తన సుఖమును తాను విడుచుట వైరాగ్యము. ఇతరుల సుఖమును సమకూర్చుట కైంకర్యము.

ఈ భేదము తెలియకపోవుటవలన కొన్ని ఇండ్లలో ధర్మము పేర అధర్మము జరుగుచున్నది. 80 ఏండ్ల తల్లికి మోకాళ్లు వంగవు. తడినేలపై గోడ పట్టుకొని భయపడుచు నడచును. స్నానపుగది గోడకు ఒక పట్టుకడ్డీ బిగింపుమనిన, “మన పెద్దలకు ఇవన్నియు ఉండెనా?” అని కుమారుడు ప్రశ్నించును. నడుమునొప్పితో బాధపడు ఇల్లాలు రోటివద్ద కూర్చుండి రుబ్బుచుండగా, యంత్రము కొనుట విలాసమని భర్త నీతి చెప్పును. ఆ కుమారుడు జారి పడడు. ఆ భర్త రుబ్బడు. తాను చాపపై పరుండదలచినవాడు పరుండవచ్చును, అది ఆతని నియమము. పరుల శరీరమును శ్రమపెట్టి తాను విరాగినని తలచువాడు తన్ను తానే వంచించుకొనుచున్నాడు. లోభము పలుమారులు వైరాగ్యపు వేషము వేసికొని ఇంట ప్రవేశించును. దానిని గుర్తించుట గృహస్థునకు అవసరము.

శ్రీవైష్ణవ సంప్రదాయమున గృహోపకరణమునకున్న గౌరవము వేరొకచోట కానరాదు. ఆదిశేషుడు శ్రీమన్నారాయణునకు నివాసము, శయ్య, ఆసనము, పాదుకలు, వస్త్రము, తలగడ, ఎండవానలకు గొడుగు – ఇన్ని రూపములు దాల్చి సేవించుచున్నాడని శ్రీయామునాచార్యులవారు స్తోత్రరత్నమున కీర్తించిరి. ఇవన్నియు ఇంటిలోని సామాన్యవస్తువులే గదా! నిత్యసూరి తలగడగా మారుటకు సిగ్గుపడలేదు. అట్లుండ, వృద్ధులగు తలిదండ్రులకొక తలగడ కొని తెచ్చుట భక్తునకు తక్కువపని యెట్లగును?

అయిన కొనదగినదేది, కొనదగనిదేది? యాజ్ఞవల్క్యస్మృతి ఆహారవిషయమున ఒక వరుసను చెప్పినది. పిల్లలు, పుట్టింటనున్న సువాసిని, వృద్ధులు, గర్భిణి, రోగి, కన్యకలు, అతిథులు, పనివారు భుజించిన పిమ్మట మిగిలినదానిని దంపతులు భుజింపవలెను. పనిచేయు సేవకునకు మాత్రము ఎన్నడును లోటు చేయరాదని ఆపస్తంబధర్మసూత్రము గట్టిగా విధించినది. సౌకర్యములకును ఈ వరుసయే తగియున్నది. నేడు అనేకగృహములలో ఈ వరుస తలక్రిందులైనది. వచ్చిపోవువారు చూచు ముందుగదిలో వేలకొలది రూపాయల సోఫా ఉండును. వంటయింటిలో పాత్రలు తోము పనిమనిషికి కూర్చుండ చిన్నపీట ఉండదు. వృద్ధులు రాత్రి లేచి నడచు దారిలో దీపము ఉండదు. 1 వాటు దీపము రాత్రికి 10 గంటల చొప్పున 30 దినములు వెలిగినను, ఒక యూనిట్ విద్యుత్తులో మూడవవంతైనను కాదు. అంత స్వల్పవ్యయముతో ఒక వృద్ధురాలి భయము తొలగునపుడు, దానిని ఉపేక్షించుట పొదుపు అనిపించుకొనదు.

ఇంతమాత్రమున కనిపించినదెల్ల కొనవచ్చునని అర్థము కాదు. యయాతి తన కుమారుడగు పూరుని యౌవనము తీసికొని దీర్ఘకాలము భోగములనుభవించియు తృప్తి పొందలేదు. అనుభవముచేత కోరిక అణగదని తుదకు గ్రహించి, ఆ యౌవనమును తిరిగి యిచ్చివేసెను. పొరుగింటివారికి ఉన్నదని కొనునది, వాయిదాలపై అప్పుచేసి ప్రదర్శనకై కొనునది, కొన్న మాసములోనే అటక ఎక్కునది – ఇవి యయాతి మార్గమునకు చెందినవి. కొనుటకు పూర్వము, దీనివలన ఎవరి బాధ తొలగునని గృహస్థుడు ప్రశ్నించుకొనవలెను. ఒక మనిషి ముఖము కన్నులయెదుట నిలిచినచో కొనవచ్చును. చూచి మెచ్చుకొనువారి ముఖములే నిలిచినచో మానుకొనుట మేలు. యంత్రమువలన మిగిలిన గంటకాలము ఏమగుచున్నదో కూడ చూచుకొనవలెను. అందులో కొంతయైన విశ్రాంతికి, కొంత భగవన్నామమునకు దక్కినపుడే ఆ వస్తువు సార్థకమగును.

పెద్దలకును ఇందొక ధర్మమున్నది. “నాకెందుకు నాయనా, ఇంకెన్నాళ్లు?” అని తల్లి వలదనుట సహజము. కుమారుడు ఆ మాటను పట్టుకొని ఊరకుండరాదు. తల్లియు దానినే పట్టుపట్టరాదు. సేవను స్వీకరించుటయు ఒక అనుగ్రహమే. స్వీకరించువారు లేనిదే కైంకర్యము చేయువానికి ఫలము లేదు.

కుచేలుని భార్య ఇరుగుపొరుగువారిని అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులను మూటగట్టి యిచ్చి భర్తను ద్వారకకు పంపెను. ఆమె ఆకలిని భగవంతుడు దురాశగా చూడలేదు. అడుగకయే సర్వమును అనుగ్రహించెను. కుచేలుడును వచ్చిన సంపదను త్రోసిపుచ్చలేదు. భార్యతోడ అనుభవించుచునే దానియందు చిక్కుకొనక, భక్తిని వదలక జీవించెనని భాగవతము చెప్పుచున్నది. ఇంటిలోనివారి బాధను తీర్చి, తన ఆశను అదుపులోనుంచుకొను గృహస్థుని యింట శ్రీనివాసుడు నిత్యము ప్రసన్నుడై యుండుగాక!