ముందు పలకరించేది ఎవరు?



దివ్యపూజలో సమాధాన సూచకంగా పక్కవారికి నమస్కరిస్తాం. గుడి మెట్లు దిగాక అదే మనిషి ఎదురైతే ముఖం తిప్పుకుంటాం. "మా అమ్మాయి పెండ్లికి వాళ్ళు రాలేదు. ముందు మేమెందుకు పలకరించాలి?" అంటాం. చాలా ఇండ్లలో దయకు అడ్డుపడేది ఈ లెక్కే.

లూకా సువార్త 10వ అధ్యాయంలో యాజకుడు, లేవీయుడు గాయపడినవానిని చూచి కూడా ప్రక్కగా వెళ్ళిపోయారు. కారణం సువార్త చెప్పదు. భయమో, తొందరో, మనకెందుకు అనుకోవడమో! మన సాకులన్నీ అక్కడ సరిపోతాయి. యూదులకూ సమరీయులకూ పాత వైరముంది. అయినా సమరీయుడు ఆ లెక్క చూడలేదు. గాయాలకు కట్టుకట్టి, సత్రానికి చేర్చి, యజమానికి రెండు దీనారాలు ఇచ్చాడు.

"మనసులో ఇష్టం లేకుండా పలకరిస్తే అది నటన కాదా, ఫాదర్‌గారూ?" అని మీరడగవచ్చు. ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని పునీత తోమా అక్వినాసుగారు బోధించారు. ఇష్టం మన చేతిలో లేకపోవచ్చు. మేలు కోరడం మన చేతిలోనే ఉంది.

లిస్యూ మఠంలో ఒక కన్యస్త్రీ తీరు పునీత చిన్న తెరేజమ్మగారికి బొత్తిగా నచ్చేది కాదు. అయినా ఆమెకోసం ప్రార్థించారు, చేతనైన సాయం చేశారు. ఎదురు మాట నోటిదాకా వస్తే చిరునవ్వు నవ్వేవారు. అదీ చేతగాకపోతే అక్కడినుండి తప్పుకొనేవారు. చివరకు, తనలో ఏమి చూచి అంత ఇష్టపడుతున్నారని ఆ కన్యస్త్రీయే అడిగారట! 1897లో 24 ఏండ్లకే కన్నుమూసిన తెరేజమ్మగారిని, 1997లో రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు.

ముందు పలకరిస్తే చులకనైపోతామా? మనం పాపులమై ఉండగానే దేవుడు మనవైపు ముందడుగు వేశాడు.

మన పిల్లలు మన జపమాలనూ చూస్తారు, మన మౌనాన్నీ చూస్తారు. ఈ రోజు మనం పలకరించని ఇంటిని రేపు వాళ్ళూ పలకరించరు. ఆస్తితోపాటు పగనూ పంచి ఇస్తామా?

ఈ వారం ఒక్క గడప తొక్కండి. "ఒంట్లో ఎలా ఉంది, వదినా?" అని అడగండి. బదులు రాకపోతే నొచ్చుకోకండి. వచ్చే ఆదివారం మళ్ళీ అడగండి. మంచి సమరీయుడైన క్రీస్తుప్రభువు మీ అడుగును దీవించునుగాక. ఆమెన్.