తాత చెవిలో తుమ్మెద

నా ఫోను మోగబోతోందని నాకంటే ముందు మా తాతకి తెలిసేది.

2010 నాటి మాట. నెల్లిమర్లలో మా ఇంటి అరుగు మీద నులక మంచం, దాని మీద తాత, ఆయన పక్కన నేను. ఫోను దిండు పక్కన పడి ఉండేది. అది ఇంకా మోగకుండానే తాత చెయ్యి కుడి చెవి మీదకి వెళ్ళిపోయేది. "ఫోనొస్తంది, సూడు బావూ" అనేవాడు. రెండు సెకన్లలో నిజంగానే మోగేది. అప్పుడే ఇంజనీరింగ్‌లో చేరిన నాకు అది గారడీలా ఉండేది. ఫ్రెండ్స్ వస్తే చూపించేవాణ్ణి కూడా. ఒకడు వీధిలోకెళ్ళి కాల్ చేసేవాడు, తాత చెయ్యెత్తేవాడు, మేమంతా నవ్వేవాళ్ళం. తాత కూడా నవ్వేవాడు.

తాత ముప్పయ్యేళ్ళకి పైగా జూట్ మిల్లులో మగ్గం నడిపాడు. అప్పట్లో విజయనగరం చుట్టుపక్కల జూట్ మిల్లులకి కొదవ ఉండేది కాదు. ఆయన పనిచేసింది మా ఊళ్ళోది కాదు, ఏదన్నది ఇక్కడ అనవసరం. మగ్గాల గది ఎక్కడైనా ఒకటే. అన్ని మగ్గాలూ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. సైగలతోనూ పెదాల కదలికతోనూ మాట్లాడుకోవాలి. అలాంటి చోట ఏళ్ళ తరబడి పనిచేస్తే వినికిడి పోతుందని అందరికీ తెలుసు. తాతకీ పోయింది. మా ఇంట్లో దాన్ని 'మిల్లు చెవుడు' అనేవాళ్ళు, అదేదో వయసుతో పాటు వచ్చే నెరసిన జుట్టన్నట్టు. నాన్న ఆయన్ని విజయనగరం తీసుకెళ్ళి, చెవి వెనక తగిలించుకునే మిషను కొనిపెట్టాడు. ఆ గారడీ ఆ మిషనుది.

దాని వెనకున్న సంగతి చాలా మామూలుది. అప్పటి టూజీ ఫోను ఏకధాటిగా ప్రసారం చెయ్యదు. ఒకే చానెల్‌ని ఎనిమిది ఫోన్లు వంతులేసుకుని వాడుకుంటాయి. ప్రతి ఫోనూ తన వంతు వచ్చినప్పుడు ఒక చిన్న తోపు తోసి ఊరుకుంటుంది. మాట్లాడుతున్నంతసేపూ అలా సెకనుకి 217 సార్లు. రేడియో తరంగం మనిషి చెవికి వినబడేది కాదు. కానీ దగ్గర్లో ఏదైనా ఆంప్లిఫయరు ఉండి, దాని సన్నటి తీగలు ఆ తోపుల్ని పట్టుకున్నాయంటే, సెకనుకి 217 అన్నది మన చెవికి చక్కగా అందే శ్రుతి. కంప్యూటర్ స్పీకర్ల పక్కన ఫోను పెట్టినవాళ్ళకి, కాల్ వచ్చే ముందు స్పీకర్లు చేసే ఆ గురగుర గుర్తుండే ఉంటుంది. కాకపోతే స్పీకరు బల్ల మీద ఉంటుంది. తాతది చెవిలో ఉంది.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. కాలేజీలో చదువుకుంటున్నదే అది.

2012లో మా వీధి చివర ఒక డాబా మీద సెల్ టవరు వెయ్యడానికి ఒక కంపెనీవాళ్ళు వచ్చారు. వీధంతా ఒక్కటైంది. క్యాన్సర్లొస్తాయన్నారు, పిచికలు చచ్చిపోతాయన్నారు, కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదన్నారు. చదువుకున్నవాణ్ణని అర్జీ రాసే పని నాకు అప్పజెప్పారు. ఉత్సాహంగా రాశాను. అంతకు ముందు ఏడాది, అంటే 2011 మేలో, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ రేడియో తరంగాల్ని 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు' అనే 2బి జాబితాలో పెట్టింది. ఆ వాక్యాన్ని అర్జీలో పైనే పెట్టాను. సాక్ష్యం బలంగా లేకపోయినా పూర్తిగా కొట్టిపారెయ్యలేనివాటిని ఆ జాబితాలో వేస్తారని మాత్రం రాయలేదు. మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల వికిరణ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించిందనీ రాయలేదు. అర్జీలో అలాంటివి రాస్తే అర్జీ బలహీనపడిపోతుంది కదా.

టవరు రాలేదు. దూరంగా ఇంకెక్కడో వేసుకున్నారు. మేం గెలిచాం.

ఆ గెలుపు తర్వాత ఏమైందో అర్థం కావాలంటే ఇంకో చిన్న సంగతి చెప్పాలి. టవరుతో ఎంత గట్టిగా మాట్లాడాలన్నది ఫోను ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది. టవరు దగ్గరగా ఉంటే గుసగుసలాడితే చాలు. దూరమైతే అరవాలి. 900 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే టూజీ ఫోను, గరిష్ఠంగా రెండు వాట్ల తోపు తొయ్యగలదు. సిగ్నల్ బాగుంటే అందులో వందో వంతుకన్నా తక్కువకి దిగిపోగలదు. టవరు నుంచి మన ఒంటి మీదకి వచ్చేదానికంటే, చెవికి ఆనించుకున్న ఫోను నుంచి వచ్చేదే మామూలుగా చాలా ఎక్కువ. అంటే వీధిలోంచి టవరుని తరిమేసి, జేబుల్లోని ఫోన్లకి ఇంకా గట్టిగా అరవమని చెప్పామన్నమాట. మా ఇంట్లో సిగ్నల్ ఒక్క గీతకి పడిపోయింది. అప్పటికి నేను ఫోన్లో ఇరవై నాలుగ్గంటలూ చాటింగు. మంచం మీద, తాత పక్కనే.

ఆ రోజుల్లోనే తాతకి మిషను మీద మోజు పోయింది. నేను ఇంటికెళ్ళేసరికి చెవికి ఉండేది కాదు. బేటరీ అయిపోయిందనో చెమటకి దురద పెడుతోందనో చెప్పేవాడు. ముసలాళ్ళంతా ఇంతేలే అనుకున్నాను. నేనేదో అంటే ఆయన నవ్వేవాడు, ఆయనేదో అంటే నేను తలాడించేవాణ్ణి, స్క్రీన్ మీంచి తలెత్తకుండా.

తాత 2015లో పోయాడు. పన్నెండో రోజు కార్యం అయ్యాక మామ్మ చెప్పింది. "నువ్వొస్తన్నావంటే మిసను తీసీసీవోడు నాయినా. సెవిలో తుమ్మెద దూరీసినట్టుంటాది అనీవోడు. ఆడికి సెప్పొచ్చు గదా అంటే ఒప్పుకునీవోడు కాదు. సెప్తే ఆడు ఫోనట్టుకుని లోపలికెలిపోతాడే, ఇనబడకపోతే ఏటి, పక్కనే కూకున్నాడు గదా అనీవోడు."

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. నా మాటలు వినడమా, నేను పక్కన ఉండడమా అన్న రెండిట్లో ఆయన ఒకటి ఎంచుకోవలసొచ్చింది. ఆ పరిస్థితి తెచ్చింది నేను. నాకు తెలియదని అనడానికీ లేదు. చెవి మీదకి చెయ్యి వెళ్ళిన ప్రతిసారీ ఆయన నాకు రుజువు చూపిస్తూనే ఉన్నాడు. నేను దాన్ని ఫ్రెండ్స్‌కి వినోదంగా చూపించాను. టవరు విషయంలో బలహీనమైన సాక్ష్యం పట్టుకుని వీధినంతటినీ లేపిన నేను, ఇక్కడ కళ్ళెదుట ఉన్న సాక్ష్యానికి నవ్వి ఊరుకున్నాను.

ఈ తేడా నా ఒక్కడి గుణమే అయితే దీన్ని వ్యాసంగా రాయక్కర్లేదు. ఫోను గురించి మనం రెండు ప్రశ్నలు వెయ్యొచ్చు. ఇది నాకేం చేస్తుంది అన్నది ఒకటి. నా చేతిలో ఉన్న ఇది పక్కవాడికేం చేస్తుంది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకి అర్జీలున్నాయి, కోర్టు కేసులున్నాయి, ప్రభుత్వ పరిమితులున్నాయి. ఫోన్లో స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కి చూడండి, చాలా ఫోన్లలో మన శరీరం పీల్చుకునే శక్తి లెక్క కనిపిస్తుంది. మన దేశంలో అది కిలోకి 1.6 వాట్లు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష ఒకటి 2024లో వచ్చింది. మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్లకీ సంబంధం కనబడలేదని చెప్పింది. మొదటి ప్రశ్న మీద ప్రపంచం అంత శ్రద్ధ పెట్టింది. పెట్టాలి కూడా.

రెండో ప్రశ్నకి ఆసుపత్రి గోడ మీద ఒక నోటీసు, విమానంలో ఒక అనౌన్సుమెంటు ఉన్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఫోనుని దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచుకోవాలని డాక్టర్లు చెబుతారు. గమనించారా, జాగ్రత్త మళ్ళీ ఆ మిషను ఉన్నవాళ్ళ మీదే పడింది. బస్సులో వాళ్ళ ఛాతీకి ఆనుకుని నిలబడ్డవాడి పై జేబులో ఫోను సంగతి ఎవరూ రాయలేదు.

మనకి హాని జరుగుతుందేమో అన్నప్పుడు, రుజువు లేకపోయినా అవతలివాడు ముందే జాగ్రత్తపడాలంటాం. మనవల్ల అవతలివాడికి హాని అన్నప్పుడు ముందు రుజువు చెయ్యమంటాం. రెండో చోట మనం వదులుకోవలసింది దాదాపు ఏమీ ఉండదు. ఒక గంటసేపు ఫోను పక్క గదిలో పెట్టడం, అంతే. అయినా అక్కడే బేరమాడతాం.

"ఇబ్బందిగా ఉంటే చెప్పొచ్చు కదా" అన్నది మంచి వాదనే. చెప్పినచోట మార్పు వచ్చింది కూడా. అమెరికాలో ఫోన్లు వినికిడి మిషన్లతో సర్దుకుపోయేలా తయారు చెయ్యాలని 1988లోనే చట్టం వచ్చింది, కానీ సెల్‌ఫోన్లని మినహాయించారు. 2003లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఆ మినహాయింపుని సడలించింది. మిషన్లు పెట్టుకున్నవాళ్ళు ఊరుకోకుండా అడగబట్టే అది జరిగింది. కానీ అడగడానికి ధైర్యమొక్కటే చాలదు, అడిగితే ఏం పోతుందన్న లెక్క కూడా ఉంటుంది. మగ్గాల గదిలో అడిగితే పని పోతుంది. అరుగు మీద అడిగితే మనవడు లేచిపోతాడు. తాత రెండు చోట్లా ఒకే లెక్క వేసుకున్నాడు. మిల్లు ఆయన చెవి తీసుకుందని మేమంతా అనేవాళ్ళం. మిగిలిన కాస్త చెవినీ ఎవరు తీసుకున్నారో ఎవరూ అనలేదు.

ఇప్పటి ఫోన్లలో ఆ చప్పుడు పెద్దగా లేదు. ఫోర్జీ వంతులేసుకునే పద్ధతి వేరు, కొత్త వినికిడి మిషన్లు కూడా ఇలాంటివాటిని తట్టుకునేలా వస్తున్నాయి. దాంతో సమస్య తీరిపోయిందని అనుకోవాలనే ఉంటుంది. కానీ చెవి మీదకి వెళ్ళిన ఆ చెయ్యి నాకు కనబడింది కాబట్టే ఇంత ఆలస్యంగానైనా తెలిసింది. చప్పుడు చెయ్యని అంతరాయాలు ఎవరి దగ్గర ఏం చేస్తున్నాయో చూడాలంటే, ముందు స్క్రీన్ మీంచి తలెత్తాలి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు గూట్లో ఆ మిషను కనబడింది. కొత్త బేటరీ వేసి చెవికి పెట్టుకున్నాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, వంటింట్లో గిన్నెలు, వీధిలో ఎవరో ఎవర్నో పిలవడం. ఇన్ని వినబడేవన్నమాట ఆయనకి, నేను రానప్పుడు.

మామ్మకి కూడా ఇప్పుడు సరిగ్గా వినబడటం లేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాసేపు నా చేతులకేసి చూసి, "ఫోనేది బావూ, పోగొట్టీసుకున్నావా?" అంది.

"లోపలుంది మామ్మా" అన్నాను. వినబడలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పాను.